ఖాళీ డిస్కుల నాణ్యతపై తయారీస్థల ప్రభావం: సాలూరు ప్రాంత ధ్వనిసంపద పరిరక్షణ దృష్ట్యా ఒక వివరణ

వ్యాససంగ్రహం:
ఇంట్లో, స్టూడియోలో, విద్యాసంస్థలో పాటలను, ప్రసంగాలను ఎక్కించుకోవడానికి వాడిన ఖాళీ సీడీలు, డీవీడీల నాణ్యతను కొనుగోలుదారులు చాలాకాలం తయారైన దేశం పేరునుబట్టి అంచనా వేశారు. ఈ అంచనా ఎంతవరకు సమంజసమో ఈ వ్యాసం వివరిస్తుంది. డిస్కు నిర్మాణం, తయారీదశలు, జపాన్, తైవాన్, భారతదేశాల్లోని ఉత్పత్తి చరిత్ర, డిస్కులోని తయారీసంకేతాలు, నిల్వ పరిస్థితులు ఇందులో పరిశీలితాలు. దేశం పేరు నాణ్యతకు కారణం కాదనీ, కర్మాగారంలోని పద్ధతులకు అది ఒక అసంపూర్ణమైన సూచిక మాత్రమేననీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. సాలూరు వంటి ప్రాంతాల్లో డిస్కులకే పరిమితమైపోయిన ధ్వనిముద్రణలను కాపాడుకోవడానికి ఈ అవగాహన అవసరం.

కీలకపదాలు: సీడీ-ఆర్, డీవీడీ-ఆర్, రంజకపొర, తయారీసంకేతం, మోజర్ బేర్, సాలూరు, ధ్వనిసంపద, పరిరక్షణ.

1. ఉపోద్ఘాతం

వేగావతి నది ఒడ్డున, తూర్పుకనుమల పాదాల చెంత ఉన్న సాలూరుకు సంగీతచరిత్రలో ప్రత్యేకస్థానం ఉంది. సాలూరి చినగురువుగారుగా ప్రసిద్ధులైన పట్రాయని సీతారామశాస్త్రి విజయనగరం సంగీత కళాశాలలో ఘంటసాలకు గురువు. సినీసంగీత దర్శకుడు సాలూరి రాజేశ్వరరావు ఈ ఊరికి సమీపంలోని శివరామపురంలో జన్మించారు. శాస్త్రీయసంగీతంతోపాటు ఉత్తరాంధ్రకు చెందిన జముకుల కథ, తప్పెటగుళ్లు, కొండగ్రామాల గిరిజనుల పాటలు ఈ ప్రాంతపు ధ్వనిసంపదలో భాగాలు.

ఇటువంటి సంపదలో అచ్చయింది కొంతే. గ్రామఫోను రికార్డులుగా, సినిమాపాటలుగా వెలువడినవి ఎక్కడో ఒకచోట దొరుకుతాయి. ఇంటి అరుగుమీదో గుడి మండపంలోనో పాడగా టేపురికార్డరులో పట్టుకున్నవాటికి అటువంటి రక్షణ లేదు. 2000 తర్వాత క్యాసెట్ల వాడకం తగ్గుతున్నకొద్దీ అనేక కుటుంబాలు వాటిలోని పాటలను సీడీల్లోకి ఎక్కించుకున్నాయి. పాట భద్రమైందన్న నమ్మకంతో క్యాసెట్లను పారవేసినచోట ఆ సీడీయే ఏకైక ప్రతిగా మిగిలింది.

ఆ సీడీని కొనేటప్పుడు దుకాణంలో సాధారణంగా వినిపించిన ప్రశ్న “ఇది ఎక్కడి సరుకు?” అన్నది. జపాన్‌ది అయితే మంచిదనీ, తైవాన్‌దీ ఇండియాదీ అయితే చౌకదనీ ఒక అభిప్రాయం బలంగా ఉండేది. ఈ అభిప్రాయానికి ఆధారం ఉంది, పరిమితీ ఉంది. రెండింటినీ వేరుచేసి చూడాలంటే ముందుగా డిస్కు నిర్మాణాన్ని తెలుసుకోవలసి ఉంది.

2. ఖాళీ డిస్కు నిర్మాణం

దుకాణంలో కొనే సినిమా సీడీకీ, ఇంట్లో పాటలు ఎక్కించుకునే ఖాళీ సీడీకీ బయటికి పోలిక ఉన్నా లోపలి నిర్మాణం వేరు. సినిమా సీడీలో సమాచారం ప్లాస్టిక్కులోనే సూక్ష్మమైన గుంటల రూపంలో అచ్చు పోయబడుతుంది. దానిపై అల్యూమినియం పూత ఉంటుంది. ఖాళీ సీడీలో గుంటలు ఉండవు. 120 మిల్లీమీటర్ల వ్యాసం, 1.2 మిల్లీమీటర్ల మందం గల పాలీకార్బొనేట్ పళ్లెంలో కేంద్రం నుంచి అంచు వరకు చుట్లుచుట్లుగా సాగే ఒక గాడి ఉంటుంది. సీడీలో ఈ చుట్ల మధ్య దూరం 1.6 మైక్రోమీటర్లు, డీవీడీలో 0.74 మైక్రోమీటర్లు. గాడిపైన సేంద్రియ రంజకపొర, దానిపైన వెండితోగాని బంగారంతోగాని వేసిన పరావర్తనపొర, ఆపైన రక్షణకోసం లాకర్ పూత ఉంటాయి.

రాసే సమయంలో లేజరు కిరణం రంజకాన్ని వేడిచేస్తుంది. వేడి తగిలినచోట రంజకం మార్పు చెంది కాంతిని తక్కువగా తిప్పి పంపుతుంది. చదివే సమయంలో యంత్రం ఈ తేడానే సమాచారంగా గ్రహిస్తుంది. అంటే ఖాళీ డిస్కులో ఎక్కించిన పాట ఒక రసాయనిక మార్పు రూపంలో నిలిచి ఉంటుంది. ఆ రసాయనం ఎంతకాలం స్థిరంగా ఉంటే పాట అంతకాలం ఉంటుంది. కొద్ది రూపాయలకు కొన్న సినిమా సీడీ నేటికీ ఆడుతూ, అదే పెట్టెలో ఉన్న ఇంటి పాటల సీడీ ఆగిపోవడానికి ఇదొక ముఖ్యకారణం.

రంజకాల్లో ప్రధానమైనవి మూడు. సయనిన్ రంజకాన్ని జపాన్‌కు చెందిన తైయో యుడెన్, అజో రంజకాన్ని మిత్సుబిషి కెమికల్, థాలోసయనిన్ రంజకాన్ని మిత్సుయి సంస్థ అభివృద్ధి చేశాయి. సయనిన్ వెలుతురుకు త్వరగా లొంగేది కాబట్టి దానికి స్థిరీకరణ పదార్థాలు చేర్చవలసి వచ్చింది. థాలోసయనిన్ స్వభావరీత్యా కాంతికి ఎక్కువగా తట్టుకుంటుంది. అమెరికా జాతీయ ప్రమాణాల, సాంకేతిక సంస్థ 2004లో ప్రచురించిన పరిశోధనలో థాలోసయనిన్ రంజకం, బంగారు-వెండి మిశ్రమ పరావర్తనపొర కలిసిన సీడీ-ఆర్‌లు మిగిలినవాటికంటె మెరుగైన స్థిరత్వం చూపాయి. ఈ పోలికకు ఆధారం డిస్కులోని పదార్థాలు. దేశం పేరు కాదు.

3. తయారీదశల్లో స్థలం ప్రమేయం

ఖాళీ డిస్కు తయారీలో ప్రతి దశ నాణ్యతను పెంచగలదు, తగ్గించగలదు.

మొదటిది అచ్చు పోయడం. పాలీకార్బొనేట్ గుళికలు గాలిలోని తేమను పీల్చుకుంటాయి. వాటిని పూర్తిగా ఆరబెట్టకుండా కరిగిస్తే ప్లాస్టిక్కు బలహీనపడుతుంది, లోపాలు ఏర్పడతాయి. కరిగిన ప్లాస్టిక్కును గాడి నమూనా ఉన్న నికెల్ స్టాంపరుపై నొక్కి అచ్చు తీస్తారు. స్టాంపరును అరిగేవరకు వాడితే గాడి స్పష్టత తగ్గుతుంది. ఉత్పత్తి పెంచడానికి పళ్లెం తగినంత చల్లారకముందే బయటికి తీస్తే అది వంకర తిరుగుతుంది.

రెండవది రంజకం పూయడం. ద్రావణంలో కలిపిన రంజకాన్ని పళ్లెం లోపలి భాగంలో వదిలి వేగంగా తిప్పుతారు. ద్రావణం అంచు వరకు పరుచుకొని ఆరుతుంది. గదిలోని ఉష్ణోగ్రత, తేమ మారితే ఆరే వేగమూ, పొర మందమూ మారతాయి. పొర సమానంగా ఉంచడం అంచు దగ్గర మరింత కష్టం. సమాచారం లోపలినుంచి బయటికి రాయబడుతుంది కనుక నిండుగా ఎక్కించిన డిస్కులో చివరి పాటలు ఈ బలహీనమైన అంచు భాగంలోనే పడతాయి.

మూడవది పరావర్తనపొర, లాకర్ పూత. వెండి గంధకంతో కలిసి నల్లబడుతుంది. బంగారానికి ఆ గుణం లేదు గాని ఖరీదెక్కువ. లాకర్ పూత అంచువరకు పూర్తిగా కప్పకపోతే తేమ లోపలికి చేరుతుంది. సీడీలో పరావర్తనపొర పేరు రాసుకునే వైపు పలుచని పూత కిందనే ఉండడంవల్ల ఆ వైపు గీత పడడం మరింత ప్రమాదకరం. రెండు పళ్లాలను అతికించి చేసే డీవీడీలో ఈ పొర మధ్యలో ఉంటుంది. అక్కడ అతుకు నాణ్యత కీలకం.

ఈ దశలన్నీ దుమ్ము, ఉష్ణోగ్రత, తేమలను నియంత్రించిన గదుల్లో జరుగుతాయి. అందువల్ల బయటి వాతావరణం చల్లనిదా వేడిదా అన్నది డిస్కు నాణ్యతను నేరుగా నిర్ణయించదు. స్థలం మరొక విధంగా ప్రవేశిస్తుంది. రంజకం ఎక్కడినుంచి వస్తుంది, విద్యుత్తు అంతరాయం లేకుండా అందుతుందా, యంత్రాలను సరిచేసే నిపుణులు అందుబాటులో ఉన్నారా, పరీక్షలో నిలవని డిస్కులను పారవేస్తున్నారా, తక్కువ తరగతి పేరుతో అమ్ముతున్నారా అన్న అంశాలు స్థలంతో ముడిపడినవి. స్థలప్రభావమంటే ఆ స్థలంలో నెలకొన్న పనితీరు ప్రభావమని గ్రహించాలి.

4. మూడు ఉత్పత్తి కేంద్రాలు

4.1 జపాన్: సీడీ-ఆర్‌ను 1988లో రూపొందించిన ఘనత తైయో యుడెన్‌ది. రంజకం, స్టాంపరు, ఉత్పత్తి, పరీక్ష అన్నీ ఒకే సంస్థ అదుపులో ఉండడంవల్ల ఒక డిస్కుకూ మరొక డిస్కుకూ తేడా తక్కువగా ఉండేది. “జపాన్ సరుకు” అన్న మాటకు వచ్చిన గౌరవానికి మూలం ఈ నిలకడ. అయితే ధరల పోటీకి తట్టుకోలేక ఆ సంస్థ 2015 చివరికి ఈ వ్యాపారంనుంచి తప్పుకుంది.

4.2 తైవాన్: సీఎంసీ మాగ్నెటిక్స్, రైటెక్ ప్రపంచపు అతిపెద్ద డిస్కు తయారీసంస్థల్లోకి చేరాయి. ఇవి సొంతపేరుతో అమ్మినవాటికంటె ఇతర సంస్థల పేర్లకోసం చేసిన ఉత్పత్తి వీటికి విశేషమైన ప్రాముఖ్యం తెచ్చింది. కొనే సంస్థ కోరిన ప్రమాణాన్నిబట్టి, ఇచ్చిన ధరనుబట్టి తరగతి మారేది. కాబట్టి “తైవాన్ సరుకు” అన్న ఒకే మాట కింద మేలైనవీ నాసివీ రెండూ చేరాయి.

4.3 భారతదేశం: 1983లో ఢిల్లీలో సమయాన్ని నమోదుచేసే యంత్రాల తయారీతో మొదలైన మోజర్ బేర్ ఇండియా, తర్వాత ఫ్లాపీడిస్కులకు, అక్కడినుంచి సీడీ, డీవీడీలకు విస్తరించింది. నోయిడా, గ్రేటర్ నోయిడా కర్మాగారాలనుంచి అనేక అంతర్జాతీయ వ్యాపారనామాలకు డిస్కులు తయారుచేసి, ఈ రంగంలో ప్రపంచస్థాయి సంస్థగా ఎదిగింది. తెలుగు ఇళ్లకు ఈ పేరు మరొక దారిలోనూ పరిచయం. 2007 ప్రాంతంలో ఈ సంస్థ సినిమా సీడీలను, డీవీడీలను అప్పటివరకు లేనంత తక్కువ ధరకు విపణిలోకి తెచ్చింది. డిస్కులకు గిరాకీ పడిపోయాక సంస్థ అప్పుల్లో కూరుకుపోయి, 2018లో ఆస్తుల విక్రయానికి న్యాయస్థానం ఆదేశించేవరకు పరిస్థితి వెళ్లింది.

ఈ మూడు కేంద్రాల మధ్య ఉత్పత్తి మారడానికి నాణ్యత ఒక్కటే కారణం కాదు. 2002లో తైవాన్ సీడీ-ఆర్‌లపైన, 2003లో భారతదేశపు సీడీ-ఆర్‌లపైన ఐరోపా సమాఖ్య అదనపు సుంకాలు విధించింది. ఇటువంటి పరిణామాలు వ్యాపారసంస్థలు తమ సరుకును ఎక్కడ చేయించుకోవాలన్న నిర్ణయాన్ని ప్రభావితం చేస్తాయి. డబ్బామీది దేశం పేరు మారినప్పుడు దాని వెనుక సాంకేతిక కారణమే ఉండనవసరం లేదు.

5. పేరు, సంకేతం, కర్మాగారం

డబ్బామీది వ్యాపారనామం, దేశం పేరు కాక డిస్కులోనే మరొక గుర్తింపు ఉంటుంది. సీడీ-ఆర్ గాడి నేరుగా కాక సన్నగా ఊగుతూ సాగుతుంది. ఆ ఊగులో ఏటిప్ అనే సమాచారం పొందుపరచబడి ఉంటుంది. దానిలోని ఒక సమయసంకేతం తయారీదారును తెలుపుతుంది. ఉదాహరణకు 97:24:01 తైయో యుడెన్‌ను, 97:26:66 సీఎంసీ మాగ్నెటిక్స్‌ను సూచిస్తాయి. డీవీడీల్లో ఈ గుర్తింపు అక్షరాల రూపంలో ఉంటుంది. కంప్యూటరులో తగిన ప్రోగ్రాము ద్వారా దీన్ని చదవవచ్చు. ఒకే వ్యాపారనామంతో ఒకే దుకాణంలో కొన్న రెండు డబ్బాల్లో రెండు వేర్వేరు సంస్థల డిస్కులు ఉండడం ఈ పరిశీలనలో బయటపడుతుంది.

అయితే సంకేతానికీ ఒక పరిమితి ఉంది. స్టాంపరు ఎవరిదో, రంజకం ఎవరిదో అది తెలుపుతుంది. ఏ కర్మాగారంలో, ఏ వారంలో అచ్చు తీశారో తెలుపదు. మిత్సుబిషి కెమికల్ తన అజో రంజకాన్ని, స్టాంపరును ఇచ్చి తన వెర్బాటిమ్ పేరుమీద ఇతర దేశాల్లో డిస్కులు చేయించింది. వాటన్నిటిలో మిత్సుబిషి సంకేతమే ఉంటుంది. వంటకం విధానం ఒకటే అయినా వండినచోటు వేరు. తయారీస్థలం ప్రభావాన్ని నిజంగా పరిశీలించదగిన సందర్భం ఇదే. సంకేతం ఒకటై, కర్మాగారాలు వేరైనప్పుడు కనిపించే తేడాను ఆయా కర్మాగారాల పనితీరుకు ఆపాదించవచ్చు. వ్యాపారనామం యాజమాన్యం కూడా స్థిరం కాదు. 2019లో వెర్బాటిమ్‌ను కొనడానికి సీఎంసీ మాగ్నెటిక్స్ ఒప్పందం చేసుకుంది. ఒకనాటి పోటీసంస్థ యజమాని అయింది.

సాలూరువారికి ఈ విషయం కొత్తది కాదు. లారీ బాడీల నిర్మాణానికి ఈ పట్టణం పేరుపొందింది. చాసిస్ ఎక్కడో దూరపు కర్మాగారంలో తయారై వస్తుంది. దానిపై బాడీని సాలూరు షెడ్లలో కడతారు. చాసిస్ మీది సంస్థ పేరు చూసి బాడీ గట్టితనాన్ని ఎవరూ తేల్చరు. “సాలూరు బాడీ” అన్న మాటకు విలువ ఉన్నా, అనుభవమున్న లారీ యజమాని అక్కడితో ఆగడు. ఏ షెడ్డు, ఏ మేస్త్రి, ఏ కలప అని అడుగుతాడు. ఊరి పేరు తరతరాల పనితనానికి గుర్తు. ఆ పనితనం ఉన్నచోటే ఆ పేరు నిజమవుతుంది. డిస్కు విషయంలోనూ దేశం పేరును ఈ విధంగానే అర్థం చేసుకోవాలి.

6. నాణ్యతను కొలిచే విధానం

డిస్కు ఆడుతున్నదంటే బాగున్నదని కాదు. చదివేటప్పుడు కొన్ని దోషాలు ఎల్లప్పుడూ ఉంటాయి. యంత్రం వాటిని సరిదిద్దుకుంటూ పోతుంది. సీడీలో సెకనుకు 7350 ఫ్రేములు చదవబడతాయి. వాటిలో దోషమున్నవి సగటున 220కి మించరాదన్నది ప్రమాణం. డీవీడీలో వరుసగా 8 దోషనివారణ ఖండాల్లో 280కి మించరాదు. వినేవారికి ఈ పెరుగుదల తెలియదు. సరిదిద్దగల హద్దు దాటినప్పుడు మాత్రమే పాట గెంతుతుంది, ఆగిపోతుంది. అప్పటికి ఆలస్యమవుతుంది.

అందువల్ల రాసిన వెంటనే ఒకసారి, తర్వాత నిర్ణీత వ్యవధుల్లో మరల దోషాల సంఖ్యను చూడడం గ్రంథాలయాలు, ధ్వనిభాండాగారాలు పాటించవలసిన పద్ధతి. ఒక డిస్కులో దోషాలు పెరుగుతున్నట్లు తెలిస్తే, అదే డబ్బాలోని మిగిలిన డిస్కులను కూడా వెంటనే పరీక్షించాలి. అవి ఒకే విడతలో తయారై ఉండవచ్చు.

రాసే యంత్రం పాత్ర కూడా ఇక్కడ చేరుతుంది. యంత్రం డిస్కు సంకేతాన్ని చదివి, దానికి తగిన లేజరు శక్తిని ఎంచుకుంటుంది. తనకు తెలియని సంకేతం ఎదురైతే ఊహమీద రాస్తుంది. మంచి డిస్కు కూడా అనుకూలించని యంత్రంలో నాసిగా రాయబడవచ్చు. ఆ తప్పును తయారీస్థలంపై వేయడం న్యాయం కాదు.

7. తయారీ తర్వాతి స్థలం

డిస్కు తయారైనచోట గడిపేది కొద్దిరోజులే. ఆపై దాని జీవితమంతా మరొకచోట సాగుతుంది. పైన పేర్కొన్న అమెరికా సంస్థ 2003లో వెలువరించిన మార్గదర్శిని దీర్ఘకాల నిల్వకు 4 నుంచి 20 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత, 20 నుంచి 50 శాతం సాపేక్ష ఆర్ద్రత ఉండాలని సూచించింది. ఉత్తరాంధ్రలో వేసవి ఎండ, వానకాలపు తేమ ఈ హద్దులను తరచు దాటుతాయి. రేకులషెడ్డులోనో కిటికీ పక్క అలమరలోనో ఉంచిన డిస్కు ఏడాదిలో అనేక నెలలు ఈ సూచనకు వెలుపలే ఉంటుంది.

వేడి రంజకం క్షీణతను వేగిరపరుస్తుంది. తేమ పూత అంచులగుండా లోపలి పొరలను చేరుతుంది. ఎండ నేరుగా రంజకాన్ని దెబ్బతీస్తుంది. కాబట్టి ఎంత మేలైన కర్మాగారంలో చేసిన డిస్కయినా నిర్లక్ష్యంగా ఉంచితే తన మేలును కోల్పోతుంది. సాధారణమైన డిస్కు చీకటిగా, పొడిగా, చల్లగా ఉన్నచోట దానికంటె ఎక్కువకాలం నిలవవచ్చు. తయారీస్థలం డిస్కు తొలి బలాన్ని నిర్ణయిస్తే, నిల్వస్థలం ఆ బలం ఖర్చయ్యే వేగాన్ని నిర్ణయిస్తుంది.

8. చేయవలసిన పని

ఇప్పుడు సాలూరు ఇళ్లలో, పాఠశాలల్లో, సంగీతాభిమానుల వద్ద ఉన్న డిస్కుల విషయంలో దేశం పేరు ఒక పనికి మాత్రం ఉపయోగపడుతుంది. ముందుగా దేన్ని కాపాడాలో నిర్ణయించడానికి సంకేతంతోపాటు అది ఒక ఆనవాలు. పేరులేనివి, తయారీదారు సంకేతం గుర్తించరానివి, పేరు రాసుకునే వైపు కాగితం అతికించినవి, అంచులు రంగుమారినవి ముందువరుసలో చేరాలి. వేరే ప్రతి లేనివి, తయారీ ఎక్కడిదైనా, అన్నిటికంటె ముందుండాలి.

అటువంటి డిస్కును మెత్తని గుడ్డతో కేంద్రంనుంచి అంచువైపుకు తిన్నగా తుడవాలి, గుండ్రంగా తుడవరాదు. ఒక యంత్రం చదవలేకపోతే మరొక యంత్రంలో ప్రయత్నించాలి. యంత్రాల మధ్య చదివే శక్తిలో తేడా ఉంటుంది. తీసిన ధ్వనిని మరింత కుదించకుండా అలాగే భద్రపరచి, కనీసం రెండు ప్రతులను రెండు వేర్వేరు చోట్ల ఉంచాలి. పాడినవారి పేరు, ఊరు, తేదీ, సందర్భం తెలిసినంతవరకు నమోదు చేయాలి. ఆ వివరాలు చెప్పగలవారు ఉన్నప్పుడే ఈ పని జరగాలి. కొత్త లాప్‌టాప్‌లలో డిస్కు చదివే భాగం చాలావరకు ఉండడం లేదు. డిస్కు బాగున్నా చదివే యంత్రం దొరకని రోజు రావచ్చు.

9. ముగింపు

ఖాళీ డిస్కుల నాణ్యతపై తయారీస్థలానికి ప్రభావం ఉందని, అయితే అది దేశం పేరుతో కాక కర్మాగారంలోని రంజకం, స్టాంపరు, నియంత్రణ, పరీక్షల ద్వారా పనిచేస్తుందని పై పరిశీలనవల్ల తెలుస్తోంది. జపాన్ పేరుకు వచ్చిన గౌరవం నిలకడగల పనితీరు ఫలితం. తైవాన్, భారత ఉత్పత్తులను ఒకే గాటన కట్టడం ఆ దేశాల్లోని మేలైన ఉత్పత్తికి అన్యాయం. అంతేకాక కొనేవారికి తప్పుడు ధైర్యాన్నో తప్పుడు భయాన్నో కలిగిస్తుంది. జపాన్ డిస్కు కదా అని ఇరవై ఏళ్లుగా తెరిచి చూడని పెట్టెకు ఉన్న ప్రమాదం, చౌకసరుకని ఏటేటా పరీక్షించి ప్రతి తీసుకున్న పెట్టెకు లేదు.

క్యాసెట్టునుంచి డిస్కుకు మార్చిననాడు పని పూర్తయిందని భావించడమే అసలు పొరపాటు. జముకుల కథకుని గొంతుగాని, ఊరిగుడిలో పాడిన గాయకుని కీర్తనగాని ఒక వస్తువులో శాశ్వతంగా నిలవదు. ఒక వస్తువునుంచి మరొక వస్తువులోకి శ్రద్ధగా మార్చుకుంటూ పోయినంతకాలమే అది మిగులుతుంది. ఆ డిస్కు ఎక్కడ తయారైందన్న ప్రశ్నతోపాటు, దాన్ని చివరిసారి ఎప్పుడు విన్నారన్న ప్రశ్న కూడా ప్రతి ఇంట్లో వేసుకోవలసి ఉంది.